స్టెరాయిడ్ మాత్రలు ఒక్కసారిగా ఆపేస్తున్నారా? ముందు ఇది తెలుసుకోండి..

కీళ్లవాతం, లూపస్ లాంటి జబ్బులకు కొందరు నెలల తరబడి ప్రెడ్నిసొలోన్ మాత్రలు వాడుతుంటారు. ముఖం ఉబ్బుతోందనో, షుగర్ పెరుగుతోందనో సొంతంగా మానేస్తే మాత్రం ప్రాణం మీదకు రావచ్చు. ఎందుకంటే.. కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ అనే హార్మోన్ తయారుచేస్తాయి. 3, 4 వారాలకు మించి మాత్రలు వాడితే అవి పని తగ్గించేస్తాయి. అప్పుడు మాత్ర హఠాత్తుగా ఆపితే విపరీతమైన నీరసం, వాంతులు రావచ్చు, బీపీ పడిపోవచ్చు. అందుకే డాక్టర్లు డోసును మెల్లమెల్లగా తగ్గిస్తారు. 5 మిల్లీగ్రాముల దగ్గరికి వచ్చాక ఇంకా నెమ్మదిగా వెళ్తారు. గ్రంథులు కోలుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైగా పడుతుంది. ఈలోగా జ్వరం వచ్చినా, ఆపరేషన్ ఉన్నా స్టెరాయిడ్ వాడిన సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పాలి.