పరీక్ష మడి వేరు, పంట పొలం వేరు

అనకాపల్లి: కొత్త చెరకు రకం పరీక్ష మడిలో ఏపుగా పెరిగిందని ఉన్న పొలమంతా దానికే అప్పగించే రైతు ఈ ప్రాంతంలో కనబడడు. 1913లో ఇక్కడ వెలసిన చెరకు పరిశోధన స్థానంలో ఏ వంగడమైనా ఏళ్ళ తరబడి పరీక్షలకు నిలిచాకే రైతుకు అందుతుంది. అలాగని పాత రకాన్నే పట్టుకు కూర్చుంటే ఎర్రకుళ్ళు తెగులు ఊరుకోదు. కంప్యూటర్లను నడిపించే సాఫ్ట్‌వేర్‌ తయారీలోనూ ఇదే చిక్కు ఉంది.

ఎవరైనా చదివి దిద్దుకొనేలా మూల రచనతో సహా పంచిపెట్టే సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ సోర్స్ అంటారు. లినక్స్ అటువంటిదే. వేలాది మంది చేతులు పడే ఈ పనిని రెండు శాఖలుగా నడపడం రివాజు. కొత్త సౌకర్యాలు చేర్చేది అభివృద్ధి శాఖ. దోషాలు దిద్దడమే తప్ప కొత్తవి చేర్చనిది స్థిర శాఖ.

లినక్స్‌లో ఒకప్పుడు సరిసంఖ్య స్థిర శాఖకు, బేసిసంఖ్య అభివృద్ధి శాఖకు గుర్తు. 2001 జనవరిలో 2.4 వెలువడగా, తరువాతి స్థిర విడుదల 2.6 రావడానికి 2003 డిసెంబరు దాకా పట్టింది. అంతకాలం ఆగలేని పంపిణీ సంస్థలు 2.5లోని కొత్త భాగాలను తెచ్చి 2.4కు అంటుకట్టుకున్నాయి. దరిమిలా ఆ పద్ధతిని విడనాడారు. ఇప్పుడు తొమ్మిది, పది వారాలకొక విడుదల వస్తోంది. వాటిలో కొన్నింటిని ఏళ్ళ తరబడి మరమ్మతు చేస్తూ నిలుపుతున్నారు. ప్రధాన శాఖలో చేరని దిద్దుబాటును స్థిర శాఖలోకి రానివ్వరు. లేకుంటే నేడు పోయిన దోషం మరుసటి విడుదలలో మళ్ళీ మొలుస్తుంది.

ఆపిల్ కంపెనీ ఐఫోన్ ఈ కోవకు చెందినది కాకపోయినా, తెలుగువారికి పాఠం అక్కడే దొరికింది. 2018 ఫిబ్రవరిలో, ‘జ్ఞా’ మధ్య కంటికి కనబడని ఒక సంకేతం చేరిన సందేశం అందితే ఐఫోన్‌లోని సందేశాల అప్లికేషన్ కుప్పకూలేది. పరీక్షలో ఉన్న 11.3లో ఆ దోషం అప్పటికే పోయింది. కాని జనం చేతిలో ఉన్నది 11.2.5. కొత్తది పూర్తిగా సిద్ధమయ్యే దాకా ఆగకుండా, ఆ దిద్దుబాటుతో 11.2.6ను ఫిబ్రవరి 19న విడుదల చేశారు. 11.3 వచ్చింది మార్చి నెలాఖరున.

నిత్యం పని జరిగే కంప్యూటర్లో స్థిర విడుదలనే ఉంచుకోవడం, దానికి వచ్చే దిద్దుబాట్లను వాయిదా వేయకపోవడం క్షేమం. అయితే పరీక్ష మడిని చూసే కళ్ళూ కావాలి. అదనపు కంప్యూటరున్న కళాశాల విద్యార్థులు కొత్త విడుదలల్లో తెలుగు ఒత్తులు, గుణింతాలు సరిగా పడుతున్నాయో లేదో పరీక్షించి, లోపాలను తయారీదారులకు తెలియజేయవలసిన అవసరం ఎంతైనా ఉంది. మన అక్షరాల తెగులు ముందుగా కనిపెట్టగలిగేది మనమే.