రాళ్లు చెప్పే బతుకు కథ

దేవుళ్లు లేరు. రాజులు లేరు. యుద్ధవీరులూ లేరు. ఉన్నదంతా మామూలు మనుషులే... పుట్టి, ఏడ్చి, ప్రేమించి, పిల్లల్ని పెంచి, ముసలివాళ్లై వెళ్లిపోయేవాళ్లు. నార్వే రాజధాని ఓస్లోలోని విగెలాండ్ ఉద్యానంలో ఓ పూట మౌనంగా తిరిగొస్తే చాలు, మన కథే మనకు కనిపిస్తుంది.

పిడికిళ్లు బిగించి, ఓ కాలెత్తి నేలకేసి కొట్టబోతూ ఒకటే ఏడుపు... ఎవరు కాదన్నారో, ఏం కావాలో తెలియదు. వంతెన మీది ఆ బుడతడి మంకుపట్టు ఎనభై ఏళ్లు దాటినా తగ్గలేదు. ఎందుకంటే వాడు కంచు పిల్లాడు! వచ్చినవాళ్లంతా ఊరడిస్తున్నట్టు చెయ్యి పట్టుకుంటారు. అందుకే ఒళ్లంతా నల్లబడినా ఆ చెయ్యి మాత్రం బంగారంలా మెరుస్తుంటుంది. 1991 చివర్లో ఎవరో వాడిని ఎత్తుకెళ్లారు కూడా. తర్వాత దొరికాడు. మళ్లీ అక్కడే నిలబడ్డాడు, అదే ఏడుపుతో.

ఆ వంతెన పొడవు వంద మీటర్లు. దానికి రెండువైపులా 58 కంచు బొమ్మలు. పిల్లల్ని ఆడించే తండ్రులు, బిడ్డనెత్తుకున్న తల్లులు, ఒకరినొకరు హత్తుకున్న జంటలు, పోట్లాడుకునేవాళ్లు... ఒంటిమీద నూలుపోగైనా లేదు. మొదట చూసినవారికి కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. నాలుగడుగులు వేశాక ఆ సంగతే గుర్తుండదు. బట్టలుంటే వీళ్లు ఏ కాలంవాళ్లో, ఉన్నవాళ్లో లేనివాళ్లో తెలిసిపోతుంది. అవి లేవు కాబట్టే ఎవరైనా కావచ్చు... మనమైనా!

ఇల్లు ఇస్తే... జీవితం ఇచ్చాడు

ఈ మనుషులందరికీ ప్రాణం పోసినవాడు గుస్తావ్ విగెలాండ్. 1869లో నార్వే దక్షిణ తీరంలోని మాండాల్ అనే చిన్న పట్నంలో పుట్టాడు. తండ్రి వడ్రంగి. చిన్నప్పుడే చెక్క చెక్కడం నేర్చుకున్నాడు. నోబెల్ శాంతి బహుమతి పతకానికి రూపమిచ్చిందీ ఆయనే.

ఆయన ఉంటున్న ఇంటిని గ్రంథాలయం కోసం కూల్చాలనుకుంది నగర పాలక సంస్థ. చాలాకాలం తర్జనభర్జన పడ్డాక, 1921లో ఓ ఒప్పందం కుదిరింది. నగరం ఆయనకు కొత్త ఇల్లూ, పనిచేసుకునే శాలా కట్టిస్తుంది. బదులుగా ఆయన చేసినవీ, ఇకపై చేయబోయేవీ అన్నీ ప్రజలవే. 1924లో ఆ ఇంట్లోకి మారాడు. ఇక అక్కణ్నుంచి కదల్లేదు. శిష్యుల్నీ, తోటి కళాకారుల్నీ పెట్టుకోకుండా ప్రతి బొమ్మకూ నిలువెత్తు నమూనా తన చేత్తోనే చేశాడు. వాటిని రాతిలో చెక్కడం, కంచులో పోతపోయడం పనివాళ్ల వంతు. అలా ఎనభై ఎకరాల పచ్చదనంలో రెండొందలకు పైగా శిల్పాలు కొలువుదీరాయి.

చెట్ల కొమ్మల్లో చివరి మజిలీ

వంతెన దాటితే ఫౌంటెన్. ఆరుగురు మగవాళ్లు పెద్ద తొట్టిని భుజాల మీద మోస్తుంటారు. చుట్టూ ఇరవై కంచు చెట్లు. ఒక చెట్టు నిండా పసివాళ్లు. మరోదాంట్లో కలల్లో తేలే కన్నెపిల్ల. ఇంకాస్త ముందుకెళితే కొమ్మను గట్టిగా పట్టుకున్న ముసలాయన. ఆ తర్వాత... అస్థిపంజరం. అక్కడ చాలామంది అడుగులు నెమ్మదిస్తాయి. కానీ చెట్ల వరస గుండ్రంగా ఉంది కదా! ఇంకాస్త నడిస్తే మళ్లీ పసివాళ్లే.

నూటఇరవై ఒక్కరు... ఒకే రాయి

మెట్లెక్కితే ఎదురుగా ఆకాశంలోకి లేచిన రాతి స్తంభం. చెక్కిన భాగమే 14 మీటర్లకు పైగా ఎత్తు. ఒకే గ్రానైట్ శిల. అందులో 121 మంది. ఒకరి మీద ఒకరు, ఒకరిని పట్టుకుని ఒకరు పైకి పోతుంటారు. కొందరు నిద్రలో ఉన్నట్టు, కొందరు పెనుగులాడుతున్నట్టు. కొసన మాత్రం పసిపిల్లలు. మోక్షం కోసం ఆరాటమని కొందరంటారు, బతుకు పోరాటమని ఇంకొందరు. ఎవరికి తోచిన అర్థం వారిది.

మట్టి నమూనాను విగెలాండ్ పది నెలల్లో పూర్తిచేశాడు. దాన్ని రాతిలోకి దించడానికి ముగ్గురు శిల్పకారులకు పద్నాలుగేళ్లు పట్టింది. 1929లో ఉలి పట్టినవాళ్లు 1943లో దించారు.

స్తంభం చుట్టూ మెట్ల మీద 36 గ్రానైట్ శిల్పాల గుంపులున్నాయి. పిల్లల్ని వీపున ఎక్కించుకుని గుర్రమాట ఆడుతున్న తల్లి దగ్గర చిన్నారులు నవ్వుతారు. పక్కపక్కన ఆనుకుని కూర్చున్న ముసలి దంపతుల దగ్గరికొచ్చేసరికి పెద్దవాళ్లు మాటలు ఆపేస్తారు. ఊళ్లో ఒంటరిగా ఉన్న అమ్మానాన్నలు ఎవరికైనా గుర్తురాక మానరు. ఫోన్ చేసి ఎన్నాళ్లయిందో లెక్కపెట్టుకోవాల్సిన చోటు అదే.

చూడకుండానే...

ఉద్యానానికి తలుపు వేయడమంటూ లేదు. ఏడాది పొడుగునా, రాత్రీపగలూ ఎవరైనా రావచ్చు. టికెట్ లేదు. టూరిస్టు బస్సులు రాకముందు, పొద్దున్నే వెళితే పక్షుల సడి, నీళ్ల చప్పుడు తప్ప మరోటి వినపడదు. చలికాలంలో ఆ ఒంటి మీద బట్టల్లేని మనుషులంతా మంచు దుప్పటి కప్పుకుని కూర్చుంటారు. గేటు నుంచి 850 మీటర్లు నడిస్తే చివర్లో జీవన చక్రం. ఆడ, మగ, పిల్లలు ఒకరినొకరు పట్టుకుని గుండ్రంగా తిరుగుతున్న కంచు వలయం. మొదలేదో, చివరేదో చెప్పలేం.

ఇంత చేసిన శిల్పి ఇదంతా పూర్తయి జనంతో కళకళలాడటం చూడలేదు. నార్వే జర్మన్ల ఆక్రమణలో ఉండగా 1943 మార్చిలో కన్నుమూశాడు. ఆ మహా స్తంభాన్ని ప్రజలకు చూపించింది మరుసటి ఏడాది క్రిస్మస్ రోజుల్లో. ఆయన ఉన్న ఇల్లూ, పనిచేసిన శాలా 1947లో మ్యూజియం అయ్యాయి. చితాభస్మం ఆ భవనం గోపురంలోనే ఉంది.

ఇల్లు అడిగిన మనిషి ఊరికి ఓ లోకాన్నే కట్టిచ్చాడు. తన వాటాగా మిగుల్చుకున్నది గుప్పెడు బూడిదకు సరిపడా చోటు!