తై చీ మాస్టర్.. 20 సెకన్లు కూడా నిలబడలేదు! అసలు ఫైట్‌లో నేర్చుకున్న విద్య ఎందుకు పనిచేయదు?

2017 ఏప్రిల్ 27. చైనాలోని చెంగ్డూ. ఒకవైపు తై చీ మాస్టర్ వెయ్ లెయ్, మరోవైపు ఎంఎంఏ ఫైటర్ షు షియావోడాంగ్. ఫైట్ మొదలైంది.. 20 సెకన్లలోపే అయిపోయింది. వెయ్ లెయ్ కిందపడటం, షు పిడిగుద్దులు కురిపించడం, మధ్యలో ఆపేయడం.. అంతా క్షణాల్లోనే! వీడియో వైరల్ అయింది. ఓడినాయన మామూలు వ్యక్తేం కాదు. అరచేతిలోని పావురాన్ని తన శక్తితో ఎగరకుండా ఆపుతారంటూ చైనా ప్రభుత్వ టీవీ ఆయన్ని చూపించింది. 2020 మేలో మరో తై చీ మాస్టర్ కూడా అర నిమిషంలో మూడుసార్లు నేలకూలారు.

మరి ఏళ్ల తరబడి చేసిన సాధన ఏమైంది?

తేడా ఎక్కడ?

చాలా క్లాసుల్లో ఎదుటివాడు మన పార్ట్‌నరే. ఏ దెబ్బ వస్తుందో ముందే తెలుసు. చెయ్యి పట్టుకోగానే పడిపోతాడు. నిజమైన ఫైట్‌లో అలా ఎవరూ పడరు. గుండె దడ, భయం, ఆయాసం.. ఒక దెబ్బ తగలగానే నేర్చుకున్నది గుర్తురాదు. దీన్ని అలవాటు చేసేది ఒక్కటే.. స్పారింగ్. అంటే, ఎదురుతిరిగే మనిషితో ప్రాక్టీస్.

1882లో జూడో మొదలుపెట్టిన జిగోరో కానో చేసింది ఇదే. ప్రమాదకరమైన పట్లను ఈ ప్రాక్టీస్ నుంచి పక్కనపెట్టారు. మిగిలినవాటిని రోజూ పూర్తి బలంతో చేయించారు. కంట్లో పొడిచే దెబ్బ ఎంత డేంజరైనా, దాన్ని ఎవరి మీదా నిజంగా ప్రాక్టీస్ చేయలేం కదా!

స్పారింగ్ ఉంటే చాలా?

అదీ కాదు. 1993లో డెన్వర్‌లో జరిగిన తొలి యూఎఫ్‌సీలో బాక్సర్ ఆర్ట్ జిమ్మర్‌సన్ ఒక చేతికే గ్లవ్‌తో దిగారు. రాయిస్ గ్రేసీ ఆయన్ని కింద పడేసి పైకెక్కగానే ఓటమి ఒప్పుకున్నారు. నిలబడి కొట్టడంలో ఆరితేరిన మనిషికి నేల మీద ఏం చేయాలో తెలియలేదు.

అలాగని తై చీ, కరాటే దండగ కాదు. ఆరోగ్యం, బ్యాలెన్స్, క్రమశిక్షణ కోసం భేషుగ్గా నేర్చుకోవచ్చు. కానీ ఆత్మరక్షణ కోసమే పిల్లల్ని చేర్పిస్తుంటే మాత్రం మాస్టారిని ఒక్క మాట అడగండి.. ‘స్పారింగ్ ఎన్నాళ్లకోసారి ఉంటుంది?’ అని. బెల్ట్ రంగు చూసి ధైర్యం తెచ్చుకుంటే అసలుకే మోసం. ఎంత వచ్చినా సరే, రోడ్డు మీద గొడవైతే తప్పించుకుని బయటపడటమే మొదటి పని అని పిల్లలకు చెప్పండి.