ఊపిరి నిలకడైతే ఒంటికి ఓపిక

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: రాత్రి షిఫ్టు ముగించుకొని గని నుంచి ఇల్లు చేరే భూపాలపల్లి సింగరేణి కార్మికునికి పట్టపగలు ఓ పట్టాన నిద్ర పట్టదు. కేసముద్రం మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీకి మధ్యాహ్నానికే ఒళ్లు అలిసిపోతుంది. పెంబర్తిలో ఇత్తడి రేకుపై నగిషీ చెక్కే చేతికి గురి తప్పరాదు. వీరందరికీ పైసా ఖర్చులేని సాధన ఒకటుంది. అదే ప్రాణాయామం.

పతంజలి చెప్పిన అష్టాంగ యోగంలో ఇది నాలుగో అంగం. 1924లో స్వామి కువలయానంద లోనావాలాలో కైవల్యధామను స్థాపించి, యోగాభ్యాసాలను ప్రయోగశాలలో పరీక్షించడం మొదలుపెట్టారు. జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినోత్సవంగా ఐక్యరాజ్య సమితి 2014లో ప్రకటించింది.

ప్రాణాయామంతో ఒంట్లోకి ప్రాణవాయువు కుప్పలుగా చేరుతుందనేది అపోహ. ఆరోగ్యవంతుల రక్తం మామూలు శ్వాసతోనే మోయగలిగినంత ప్రాణవాయువును దాదాపుగా నింపుకొని ఉంటుంది. అసలు మేలు మరోచోట ఉంది. విశ్రాంతిగా ఉన్న మనిషి నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాడు. దాన్ని ఆరుకు తగ్గిస్తే గుండెను నెమ్మదింపజేసే వేగస్ నాడి చురుకవుతుంది. కంగారు తగ్గి మనసు కుదుటపడుతుంది. చేసే పనిపై గురి నిలుస్తుంది.

నాడీశోధన అందరికీ తేలికైనది. వెన్ను నిటారుగా ఉంచి కూర్చోవాలి. బొటనవేలితో కుడి ముక్కు మూసి, ఎడమ ముక్కుతో నాలుగు అంకెలు లెక్కించేంతసేపు గాలి పీల్చాలి. ఉంగరపు వేలితో ఎడమ ముక్కు మూసి, కుడి ముక్కుతో ఆరు అంకెలు లెక్కిస్తూ వదలాలి. తర్వాత కుడివైపు పీల్చి ఎడమవైపు వదలాలి. పరగడుపున ఐదు నిమిషాలు చాలు. కొత్తవారు ఊపిరి బిగబట్టనక్కర్లేదు. బొగ్గు దుమ్ము, మిర్చి ఘాటు, పొయ్యి పొగ ఉన్నచోట చేయరాదు.

కపాలభాతి, భస్త్రికల సంగతి వేరు. ఊపిరి వేగం పెరిగితే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి తల తిరుగుతుంది. రక్తపోటు, గుండెజబ్బు, మూర్ఛ, హెర్నియా ఉన్నవారు, గర్భిణులు వాటి జోలికి పోరాదు.

ఎడతెగని నీరసానికి రక్తహీనత, మధుమేహం, థైరాయిడ్ లోపం కారణం కావచ్చు. ఆయాసపడే గని కార్మికుడు ముందుగా వైద్యునికి చూపించుకోవాలి. తిండికి, మందుకు, నిద్రకు ప్రాణాయామం బదులు కాదు. రాత్రంతా మేలుకున్న మనిషికి ముందు కావలసింది నిద్రే. ఆ నిద్రను దగ్గర చేసేది నెమ్మదైన ఊపిరి.