మూడేసి దెబ్బలు ఉంటే వాల్ట్జేనా?

కీబోర్డు క్లాసుకు వెళ్లే పిల్లలు మూడేసి దెబ్బల పాట ఏది విన్నా "ఇది వాల్ట్జ్" అనేస్తారు. కీబోర్డు మీద ఆ లయ బటన్‌కు ఉన్న పేరు అదే మరి. వేల్స్ జానపదం 'ల్లూయిన్ ఓన్' విన్నా ఇదే మాట. 'ది యాష్ గ్రోవ్' అనే ఇంగ్లీషు పేరుతో లోకమంతా తెలిసిన పాట అది. దాన్ని 'సంప్రదాయ వెల్ష్ వాల్ట్జ్' అని పరిచయం చేసేవాళ్లు పెద్దల్లోనూ ఉన్నారు. సంప్రదాయ పాటే, కాదనను. వేల్స్ జనం ప్రాణంగా చూసుకునే పాటే. వాల్ట్జ్‌గా మాత్రం పుట్టలేదు.

ఈ బాణీ ఆ వెల్ష్ పేరుతో మొదట అచ్చయింది 1802లో, ఎడ్వర్డ్ జోన్స్ తెచ్చిన 'బార్డిక్ మ్యూజియం'లో. జోన్స్ వేల్స్ యువరాజు కొలువులో హార్ప్ విద్వాంసుడు. దీన్ని పోలిన బాణీ అంతకు చాలా ముందే, 1728లో, లండన్ రంగస్థలం మీద వినిపించింది. జాన్ గే రాసిన 'బెగ్గర్స్ ఆపెరా'లో పాలీ అనే పాత్ర పాడే 'సీజ్ యువర్ ఫన్నింగ్' అది. గే అందులో జనం నోళ్లలో నానుతున్న బాణీలకే కొత్త మాటలు కట్టాడు. ఆ బాణీకి మూలం 'కాన్‌స్టంట్ బిల్లీ' అనే ఇంగ్లీషు మోరిస్ నాట్యపు పాట అని 1922లో ఫ్రాంక్ కిడ్‌సన్ వాదించాడు. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారన్న పంచాయితీ అలా ఉంచండి. వాల్ట్జ్ ఆస్ట్రియా, దక్షిణ జర్మనీ పల్లెల్లో బయల్దేరి, లండన్ దొరల విందుల్లోకి చేరి గగ్గోలు పుట్టించింది 1810ల్లో. 1816 జులైలో రాజప్రతినిధి ఇచ్చిన విందులో వాల్ట్జ్ ఆడారని టైమ్స్ పత్రిక మండిపడింది. జోన్స్ ఎవరి కొలువులో హార్ప్ వాయించాడో ఆ వేల్స్ యువరాజే ఈ రాజప్రతినిధి! అప్పటికి 'ల్లూయిన్ ఓన్' అచ్చయి 14 ఏళ్లు.

మూడు దెబ్బల లయ ఇంట్లో రుబ్బి పెట్టుకున్న పిండి లాంటిది. ప్లేట్లలో పోసి ఆవిరికి పెడితే ఇడ్లీ, పెనం మీద పలచగా తిప్పితే దోసె, మందంగా వదిలేస్తే ఊతప్పం. అదే పిండి, అదే పులుపు, అయినా ఇడ్లీని దోసె అనం. మిన్యుయెట్ అనే మూడు దెబ్బల పాత నాట్యం ఇడ్లీ: నిదానం, పద్ధతి, తొందర లేదు. వాల్ట్జ్ దోసె: పెనం బాగా కాలాలి, గరిటె ఆగకుండా గుండ్రంగా తిరగాలి. గరిటె ఎక్కడ ఆగితే అక్కడ దోసె మందమవుతుంది, వాల్ట్జ్ కూడా అంతే.

ఆ తిరగడం ఎలా వస్తుందో చూడండి. మొదటి దెబ్బ మీద కింది స్వరం బరువుగా పడుతుంది. రెండు, మూడు దెబ్బల మీద పై స్వరాలు గుంపుగా, తేలిగ్గా పలుకుతాయి: ధూమ్ చక్ చక్. జంట మూడడుగులకు సగం చుట్టు, ఇంకో మూడడుగులకు మిగతా సగం తిరుగుతుంది. వియన్నా పద్ధతిలో మూడు దెబ్బల ఆవర్తాలు నిమిషానికి దాదాపు 60 నడుస్తాయి, అంటే సెకనుకొకటి. పైగా అక్కడి వాద్యకారులు రెండో దెబ్బను వెంట్రుకవాసి ముందే వేస్తారు. ఆ తొందరే తిరిగేవాళ్లను ముందుకు తోస్తుంది. కాగితం మీద మూడూ సమానమైన మాత్రలే, చెవికి మాత్రం కావు. అందుకే స్వరలిపిలో మూడు అంకె కనిపించగానే వాల్ట్జ్ అని తేల్చేయకూడదు.

బ్రిటన్ జాతీయ గీతం కూడా మూడు దెబ్బలదే. దాని నడక గాలియార్డ్ అనే పాత నాట్యానిది. కంపెనీ బ్యాండ్లు మద్రాసుకు తెచ్చిన ఆ బాణీకే ముత్తుస్వామి దీక్షితులు 'సంతతం పాహిమాం' కట్టారు. మన సంగీతం క్లాసుల్లో పిల్లలు నోటుస్వరాల్లో, అంటే ఇలాంటి పాశ్చాత్య బాణీల పాటల్లో, భాగంగా దాన్ని పాడుతుంటే వాల్ట్జ్ అన్న ఊహ ఎవరికీ రాదు. లెక్క ఒకటే అయినప్పుడు 'ల్లూయిన్ ఓన్'కు ఆ ముద్ర ఎందుకు?

ఇంకో రకం వాళ్లున్నారు. ఈ వెల్ష్ బాణీలు రోమన్ల కాలపు డ్రూయిడ్ పూజారుల నుంచి వచ్చాయంటారు. అంధ హార్ప్ విద్వాంసుడు జాన్ పారీ, ఇవాన్ విలియమ్స్ కలిసి 1742లో వేసిన వెల్ష్ బాణీల పుస్తకం ముఖపత్రం మీదే ఆ ఊహ అచ్చయింది. లోపల ఉన్నదేమో అచ్చంగా హ్యాండెల్ కాలపు వాసన కొట్టే సంగీతం! పారీ మహా వాద్యకారుడు, ఆయన వాయిద్యం విన్నాకే కవి థామస్ గ్రే 'ది బార్డ్' పూర్తి చేయగలిగాడు. అంతటివాడి సంగీతానికి పూజారుల పేరు తగిలించాల్సిన అవసరం ఏముంది? ప్రతిదాన్నీ వేల ఏళ్ల వెనక్కి తోసేసే ఈ జబ్బు మనకూ ఉంది. నిన్న మొన్నటిదాన్ని మనసారా మెచ్చుకోవడం మనకు చేతకాదు.

మళ్లీ జోన్స్ దగ్గరికి వస్తే, 1802 పుస్తకంలోనే ఆయన ఒక బాధ వెళ్లబోసుకున్నాడు. మతప్రచారకుల ధాటికి వేల్స్‌లో ఆటపాటలు అణగారిపోతున్నాయని. నిజంగానే ఊళ్లలో నాట్యం చాలావరకు పోయింది. బాణీలు మిగలడానికి ఒక పెద్ద కారణం కెర్ద్ డాంట్ అనే విద్య. అందులో హార్ప్ ఒక బాణీని ఎత్తుకుంటుంది. గాయకుడు వెంటనే అందుకోడు, కొన్ని ఆవర్తాలు ఆగి, పద్యాన్ని వేరే వరసలో పాడుతూ ప్రవేశిస్తాడు. హార్ప్ దారి హార్ప్‌ది, గొంతు దారి గొంతుది. ముగింపు మాత్రం ఇద్దరికీ ఒకే చోట పడాలి. 'ల్లూయిన్ ఓన్' ఇందుకు భలే కుదురుతుంది. దిగువ పంచమంలో మొదలై షడ్జం, గాంధారం, పంచమం మెట్లెక్కే బాణీ కాబట్టి హార్ప్ తీగల మీద అది దానంతటదే పలికినట్టు ఉంటుంది.

అకార్డియన్ వాళ్లు ఇదే బాణీకి ధూమ్ చక్ చక్ తగిలించి జంటల్ని తిప్పితే అది వాల్ట్జే, నాకేం అభ్యంతరం లేదు. హార్ప్ మీద దీని సొంత నడక తెలియాలంటే వెల్ష్ ట్రిపుల్ హార్ప్ వినండి. మూడు వరసల తీగలు దానికి. బయటి రెండు వరసల్లో అవే స్వరాలు, మధ్య వరసలో మిగతా స్వరాలు. మధ్య తీగ మీటాలంటే బయటి తీగల సందులోంచి వేలు దూర్చాలి. ఆ విద్యను 20వ శతాబ్దంలో నిలబెట్టినవారిలో నాన్సీ రిచర్డ్స్ పేరు ముందు చెప్పాలి. ఆమె 1979లో పోయారు, రికార్డింగులు ఉన్నాయి.