యాంగోన్ వంటింట్లో ఆలూ, గుడ్డు

మన పెద్దలు రంగం అని పిలిచిన ఊరే నేటి యాంగోన్. గుడ్డు తింటాం గాని మాంసం, చేపలు ముట్టం అనేవారికి ఇక్కడ బయటి తిండితో ఒక చిక్కు ఉంది. గుడ్డు, బంగాళాదుంప కూరలో కూడా చేపల సాసో, ఎండు రొయ్యల పొడో కలిసి ఉండవచ్చు. అందుకే ఇంట్లో వండుకోవడం మేలు. బర్మీస్‌లోనూ దుంపను ఆలూ అనే అంటారు కాబట్టి బజారులో ఇబ్బంది లేదు.

అయితే 2021 తర్వాత ఇక్కడ కరెంటు కోతలు బాగా పెరిగాయి. కరెంటు పొయ్యి మీద వండేవారికి త్వరగా అయ్యే వంట కావాలి.

ఇద్దరికి మూడు దుంపలు, నాలుగు గుడ్లు, ఒక ఉల్లిపాయ చాలు. ఆలస్యమంతా దుంపలదే. అందుకని అర సెంటీమీటరు మందాన తరగండి. ఆకుపచ్చ తిరిగిన చోట్లు, మొలకలు కోసి పారేయండి. వాటిలో ఉండే సోలనిన్ అనే విషం ఉడికించినా పోదు.

మందపాటి పెనంలో వేరుశనగ నూనె వేసి ఉల్లిపాయ వేయించండి. పసుపు, ఉప్పు, దుంపలు కలిపి, కాసిని నీళ్లు చల్లి మూత పెట్టండి. ఆవిరికి పది పన్నెండు నిమిషాల్లో మెత్తబడతాయి. తర్వాత నాలుగు గుంటలు చేసి గుడ్లు కొట్టి పోసి, మళ్లీ మూత పెట్టండి. సాల్మొనెల్లా భయం ఉండకూడదంటే తెల్లసొన, పచ్చసొన రెండూ గట్టిపడాలి.

కరెంటు పోయే వేళ దగ్గరపడితే మాత్రం గుడ్లు కొట్టకండి. ఉడికిన దుంపలు అన్నంలోకి కూరగా పనికొస్తాయి. పగలగొట్టని గుడ్డు రేపటికి ఉంటుంది. సగం ఉడికిన గుడ్డు దేనికీ పనికిరాదు.