మలయావారి పూటకూళ్లయిల్లు

భారత ప్రభుత్వము 1938లో కూలీల వలసను నిషేధించువరకు, పార్వతీపురము చేరియుండిన నాటి విశాఖపట్టణము జిల్లానుండి అనేక కుటుంబములు మలయాలోని రబ్బరు, కొబ్బరి తోటలకు పోయినవి. వారి సంతతివా రిప్పటికిని అచ్చట కాపురమున్నారు. కావున ఆ దేశపు ఇంటివంట మనకు బొత్తిగా పరాయి విషయము కాదు.

మలయావారి చిన్న పూటకూళ్లయింట కూరలన్నియు బల్లపై వరుసగా నమర్చియుందురు. వచ్చినవారు అన్నము పెట్టించుకొని, తమకు వలసిన కూరలను చేర్చుకొందురు, తీసికొన్నదానినిబట్టి వెల. దీనిని 'నాసి చంపూర్' అందురు. నాసి యనగా అన్నము. చంపూర్ అనగా కలగలుపు. పులుసులో నుడికిన చేప, పచ్చిగనే నమలెడి 'ఉలాం' ఆకులు, మిరపకాయలు నూరిన 'సంబల్', కొబ్బరిపాలలో వండిన వెదురు చిగుళ్లు అందు కానవచ్చును.

వెదురు చిగుళ్లు మన మన్యమువారికిని కూరయే. పండుగలకు వారు వెదురుబొంగులో అరటియాకు చుట్టి, జిగురుబియ్యమును కొబ్బరిపాలతో నింపి, నిప్పుసెగను వండెడి 'లెమాంగ్' అరకులోయ బొంగుకోడిని జ్ఞప్తికి తెచ్చును. పచ్చివెదురులోని తేమ బొంగును త్వరగా కాలనీయదు. అందుచే లోనిది మెల్లగా నుడుకును.

శాకాహారు లొక్కటి గమనింపవలెను. సంబలులో తరచుగా 'బెలచాన్' అను పులియబెట్టిన రొయ్యలముద్ద చేరును. అది కంటికి తెలియదు. అడిగి తినుట మేలు.

ఈ వంటలలో పెక్కు తల్లి చేతినుండి బిడ్డ చేతికి వచ్చినవే. అట్టి పూటకూళ్లయిల్లు మూతపడినచో, దానితో కొన్ని రుచులును మరుగుపడును.